తుపాను సూచికల జనకుడు అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందనీ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం రేవులలో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారనీ ఆకాశవాణి ప్రాంతీయ వార్తలలో చెప్పటం మన సభ్యులందరికీ చిరపరిచితమే. కోస్తా జిల్లాలలో ఉద్యోగం చేసినవారికైతే ఆ మాట వినగానే ఆఫీసు కిటికీలు ఎక్కడెక్కడ ఊడి ఉన్నాయో గుర్తుకు వచ్చేది. అయితే ఆ సూచికలు అసలు ఎలా ఉంటాయి, వాటిని మొదట ఎవరు ఎగరేయించారు అన్న ప్రశ్న మనలో ఎక్కువమందికి తట్టి ఉండదు. నాకూ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తట్టలేదు. తంతి శాఖలో పనిచేసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక, ఈ ప్రత్యేక సంచికలో ఆ మనిషి కథ చెప్పటం సముచితమని భావిస్తున్నాను. ఎందుకంటే తంతి తీగ లేకపోతే ఆయన పని లేదు.

ఆయన పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. 1805 జూలై 5న ఇంగ్లండులోని సఫోక్ జిల్లాలో జన్మించారు. పెద్ద ప్రభువుల కుటుంబం. రెండవ ఛార్లెస్ రాజు వంశమని చెప్పుకునేవారు. పన్నెండేళ్ళ వయసులో పోర్ట్స్‌మత్ నౌకాదళ కళాశాలలో చేరి, 1824లో లెఫ్టినెంటు పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నారు. ఇటువంటి కుర్రవాడు పైకి వస్తాడని ఎవరైనా చెబుతారు. పైకి వచ్చిన మాట నిజమే గాని, ఆ ప్రయాణం అంత నున్నగా సాగలేదు.

1828లో దక్షిణ అమెరికా కొసన సముద్రతీరం కొలతలు తీస్తున్న 'బీగిల్' అనే చిన్న నౌకకు కెప్టెన్‌గా ఉన్న ప్రింగిల్ స్టోక్స్, ఆ చలికీ, ఏకాంతానికీ మనసు చెదిరి తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఆ ఖాళీలో ఇరవై మూడేళ్ళ ఫిట్జ్‌రాయ్‌ను వేశారు. అదే ఏడాది డిసెంబరులో రియో డి జనీరోలో ఆయన చార్జి తీసుకున్నారు. చార్జి తీసుకుని రెండు నెలలు కూడా తిరగలేదు, ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది.

1829 జనవరి 30. బీగిల్ నౌక రియో డి లా ప్లాటా నదీముఖం వద్ద, మాల్డొనాడో ఊరి దగ్గరకు చేరుతున్నది. అక్కడ జనవరి అంటే నడి వేసవి. ఆ తీరంలో పంపేరో అనే గాలివాన ఒకటి ఉంది. దక్షిణం నుంచి, నైరుతి నుంచి పంపా మైదానాల మీదుగా చల్లని గాలి ఒక్కసారిగా తోసుకువచ్చి, తీరం మీద ఉన్న వేడి, తేమ గాలి కిందికి దూరుతుంది. తేలికైన తడిగాలి పైకి లేచి, గంటలోపే కొండల వంటి మేఘాలు కడుతుంది. ముందు ఉక్కపోత, తరువాత దూరాన మెరుపులు, ఆ తరువాత నల్లని చాపలా చుట్టుకుంటూ వచ్చే మేఘపు వరుస, దాని వెనుకే ఈదురుగాలి, ఉరుములు, పిడుగులు, వడగళ్ళు. మన కోస్తాలో చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రం పడమటి నుంచి మబ్బు లేచి మామిడికాయలు రాల్చిపోయే గాలివానలూ, వంగదేశంలో కాలవైశాఖి అని పిలిచే తుపానూ ఈ జాతివే. పంపేరో వాటికి పెద్దన్న అనుకోవచ్చు.

ఆ రోజు లక్షణాలన్నీ కనిపించాయి. బారోమీటరు బాగా దిగింది. ఆకాశం విచిత్రంగా ఉంది. కాని కొత్త కెప్టెన్, రేవు కనుచూపు మేరలోకి వచ్చింది. ఇటువంటి సమయంలో తెరచాపలు దించితే ప్రయాణం ఆలస్యం. పైగా కొత్తగా వచ్చిన అధికారి అతిగా భయపడుతున్నాడని సిబ్బంది అనుకోవచ్చు. కాస్త ఆగారు. ఆ కాస్తలోనే గాలి వచ్చిపడింది. నౌక పక్కకు ఒరిగి దాదాపు పడుకుంది. రెండు పై స్తంభాలు విరిగి పడ్డాయి. తెరచాప కర్రల మీద పనిచేస్తున్న ఇద్దరు నావికులు సముద్రంలో పడి మునిగిపోయారు. లంగరు వేసి ఎలాగో ఓడను నిలబెట్టారు.

అధికారులు ఆయనను ఏమీ అనలేదు. అటువంటి గాలివానలో స్తంభాలు విరగటం, మనుషులు పోవటం ఆ రోజులలో మామూలే. కాని ఆయన తనను తాను క్షమించుకోలేదు. బారోమీటరు చెప్పింది, తాను వినలేదు, ఇద్దరు చనిపోయారు. ఈ లెక్క ఆయన మనసులో నిలిచిపోయింది. అప్పటి నుంచి బారోమీటరు చూడకుండా ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ముప్పై ఏళ్ళ తరువాత ఆయన చేసిన పనికంతటికీ మూలం ఆ సాయంత్రమేనని నా అభిప్రాయం.

బీగిల్ రెండవ ప్రయాణం గురించి పిల్లలు కూడా పాఠాలలో చదువుకుంటారు. 1831 డిసెంబరు 27న ప్లిమత్ నుంచి బయలుదేరి భూమిని చుట్టి 1836 అక్టోబరు 2న ఫాల్మత్ చేరింది. ఫిట్జ్‌రాయ్ తోడు కోసం వెంట తీసుకువెళ్ళిన యువకుడే ఛార్లెస్ డార్విన్. తోడు ఎందుకంటే, ఓడలో కెప్టెన్ ఎవరితోనూ కలిసి భోంచేయకూడదు, మనసు విప్పి మాట్లాడకూడదు. ముందరి కెప్టెన్ ఏమయ్యాడో ఆయనకు తెలుసు. పైగా సొంత మేనమామ, పెద్ద మంత్రి అయిన కాసిల్‌రే ప్రభువు 1822లో గొంతు కోసుకుని చనిపోయాడు. ఆ చీకటి తన రక్తంలోనూ ఉందేమోనన్న భయం ఫిట్జ్‌రాయ్‌కు ఎప్పుడూ ఉండేది. డార్విన్ సంగతి లోకమంతా రాసింది కనుక ఇక్కడ వదిలిపెడతాను. మనకు కావలసింది ఆ ఓడను ఆయన సిద్ధం చేసిన తీరు.

పంపేరో దెబ్బ తిన్న మనిషి కదా, ఈసారి అన్నీ ముందే చూసుకున్నారు. విలియం స్నో హారిస్ అనే ఆయన కనిపెట్టిన పిడుగుకడ్డీలను ఓడకు వేయించారు. రాగి రేకులను స్తంభం చివర నుంచి కిందిదాకా కొయ్యలో పొదిగి, ఓడ అడుగు గుండా నీటిలోకి కలిపే ఏర్పాటు అది. అంతకుముందు ఓడల్లో పిడుగు పడితే కొయ్య స్తంభం చీలిపోయేది, మనుషులు చనిపోయేవారు. కొందరు పెద్దలు ఈ రాగి రేకులే పిడుగును పిలుస్తాయని వాదించేవారు. మన ఊళ్ళల్లోనూ ఎత్తయిన మేడలకు కడ్డీ పెట్టబోతే ఇదే మాట అన్నవారిని నేను చూశాను. ప్రయాణంలో బీగిల్ మీద కనీసం రెండుసార్లు పిడుగు పడినా ఏ నష్టమూ జరగలేదని ఆయన తరువాత నివేదించారు. గాలి బలాన్ని అంకెలలో రాసే బోఫర్ట్ పద్ధతిని అధికారికంగా వాడిన మొదటి ప్రయాణం కూడా అదే. కాలం సరిగా తెలియటానికి 22 క్రోనోమీటరు గడియారాలు తీసుకువెళ్ళారు. వాటిలో కొన్ని సొంత డబ్బుతో కొన్నవే.

1833 జనవరి 13న హార్న్ అగ్రం దగ్గర మూడు పెద్ద అలలు వరుసగా వచ్చిపడ్డాయి. ఒక పడవ పోయింది, ఓడ ఒరిగింది. ఓడ మునగకుండా, మనుషులందరూ బతికి బయటపడ్డారు. కొలత పని త్వరగా తేలాలని ఆయన సొంత డబ్బుతో మరో చిన్న ఓడ కూడా కొన్నారు. పైవారు ఆ ఖర్చు మంజూరు చేయలేదు, అమ్మేయమన్నారు. ఆ దెబ్బకు 1834లో వాల్పరైసోలో మనసు కుంగి రాజీనామా కూడా రాశారు. కింది అధికారులు నచ్చచెప్పి ఆపారు. పై ఆఫీసు మంజూరు లేకుండా ఖర్చు పెట్టి ఆ తరువాత బిల్లు కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాతి పదిహేనేళ్ళు త్వరగా చెబుతాను. 1841లో డర్హమ్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యారు. 1843లో న్యూజిలాండు గవర్నరుగా వెళ్ళారు. అక్కడ ఖజానా ఖాళీ, తెల్ల వలసదారులకూ మావొరీలకూ భూమి తగవులు. ఒక ఘర్షణలో తప్పు మన వలసదారులదేనని తేల్చారు. దాంతో వలసదారులు కక్ష కట్టారు, 1845లో వెనక్కు పిలిపించారు. 1850లో ఆరోగ్యం బాగాలేక నౌకాదళం క్రియాశీల సేవ నుంచి తప్పుకున్నారు. 1851లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చి గౌరవించింది. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు. మామూలుగా అయితే కథ ఇక్కడ అయిపోవాలి.

1854లో బ్రిటిషు వాణిజ్య మండలి ఒక చిన్న వాతావరణ విభాగం తెరిచింది. ఫిట్జ్‌రాయ్‌ను దానికి అధిపతిగా వేశారు, కింద ముగ్గురు గుమాస్తాలు. పని ఏమిటంటే ఓడల కెప్టెన్లకు పరికరాలు ఇచ్చి, వారు రాసుకొచ్చిన గాలి, వేడి, ఒత్తిడి అంకెలను పట్టికలుగా వేయటం. ఏ నెలలో ఏ దారిన పోతే ఓడ త్వరగా చేరుతుందో తెలిస్తే వ్యాపారులకు లాభం. అంతే, లెక్కల పని. ముందుగా తుపాను చెప్పమని ఎవరూ అడగలేదు.

కాని ఆయన ఆ బల్ల దగ్గర ఊరికే కూర్చోలేదు. ముందు బీద జాలరుల పల్లెలు చూశారు. బారోమీటరు ధర వారికి అందనిది. గట్టి, పెద్ద అంకెల బారోమీటరు ఒకటి తయారు చేయించి, జాలరుల పల్లెలలో రేవు గోడకు పెట్టించారు. చదువు తక్కువ వారికి కూడా అర్థమయ్యేటట్టు సూచనలు రాయించారు. పాదరసం నెమ్మదిగా చాలాసేపు దిగితే రాబోయే గాలివాన ఎక్కువకాలం ఉంటుంది, చటుక్కున దిగితే వచ్చేదీ చటుక్కున వచ్చి పోతుంది, కాని గట్టిగా కొడుతుంది. ఇటువంటివి. ఇప్పటికీ ఆ పల్లెలలో కొన్నిచోట్ల ఆ పెట్టెలు గోడలకు ఉన్నాయి.

1859 అక్టోబరు 25 రాత్రి వచ్చింది ఆ తుపాను. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నుంచి బంగారు గనుల్లో సంపాదించుకున్న డబ్బుతో ఇంటికి తిరిగివస్తున్న జనంతో 'రాయల్ చార్టర్' అనే ఓడ లివర్పూల్‌కు దగ్గరలోకి వచ్చింది. మర్నాడు తెల్లవారేసరికి వేల్సులోని ఆంగ్లసీ ద్వీపం రాళ్ళకు కొట్టుకుని ముక్కలయింది. సుమారు 450 మంది పోయారు. స్త్రీలు, పిల్లలు ఒక్కరు కూడా బతకలేదు. బతికినవారు నలభై మంది ప్రాంతం. కొందరు నడుముకు బంగారం కట్టుకుని ఉండటంతో ఈదలేక మునిగారని చెప్పుకున్నారు. ఆ ఒక్క తుపానులో బ్రిటిషు తీరాల్లో 133 నౌకలు మునిగి, దాదాపు 800 మంది చనిపోయారు.

ఫిట్జ్‌రాయ్ తన ముగ్గురు గుమాస్తాలతో కూర్చుని, ఆ రోజులలో దేశమంతా ఎక్కడెక్కడ ఎవరు ఏ అంకెలు రాశారో తెప్పించుకుని, పటాల మీద గుర్తులు వేశారు. ఒకే సమయంలో వేరువేరు చోట్ల ఉన్న వాతావరణాన్ని ఒకే పటంలో చూడటం అన్నమాట. అలా చూసేసరికి తుపాను ఒక మనిషిలా నడిచి వచ్చిన దారి కనిపించింది. తుపాను కంటే తంతి వేగంగా పోతుంది. అంటే ముందు తుపాను తగిలిన ఊరి వారు తంతి ఇస్తే, తరువాతి ఊరి వారు రేవులో ఓడలను ఆపవచ్చు. ఆ 450 మందినీ ఆపవచ్చు. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. అప్పటికి ఇంగ్లండులో ఎవరూ ఆ పని చేయలేదు.

1860లో అనుమతి వచ్చింది. తీరం వెంట పదిహేను స్టేషన్లు ఏర్పాటయ్యాయి. ఐర్లండు పడమటి కొసనున్న వాలెన్షియా, స్కాట్లండులో అబర్డీన్, దక్షిణాన పెంజాన్స్ వంటివి. ఎక్కువచోట్ల తంతి ఆఫీసు సిబ్బందే రోజూ పొద్దుటే బారోమీటరు, ఉష్ణమాపకం చూసి, గాలి దిక్కు గమనించి, అంకెలను తంతి కొట్టేవారు. మన తంతి మిత్రులకు ఈ సంగతి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. లండనులో ఆ అంకెలన్నీ పేర్చి, ప్రమాదం ఉంటే ఆయా రేవులకు తంతి ద్వారానే హెచ్చరిక పంపేవారు. రేవులో వాళ్ళు కొయ్య స్తంభానికి నల్లరంగు పూసిన గుడ్డ శంకువు ఎగరేసేవారు. మొన పైకి ఉంటే ఉత్తరపు దిక్కు నుంచి గాలి, మొన కిందికి ఉంటే దక్షిణపు దిక్కు నుంచి గాలి. డప్పు ఆకారపు గుడ్డ ఎగిరితే ఒకదాని వెంట ఒకటి గాలులు వస్తాయని అర్థం. రెండూ కలిసి ఉంటే మరీ గట్టిది. రాత్రిళ్ళు లాంతర్లు త్రికోణంగానో, చతురస్రంగానో కట్టేవారు. ఎంత దూరం నుంచి చూసినా, ఏ భాష వాడు చూసినా అర్థమయ్యే ఏర్పాటు. రంగు జెండా అయితే మబ్బు వెలుతురులో రంగు తెలియదు, గాలి లేనప్పుడు వేలాడిపోతుంది. ఆకారం అయితే మోసం చేయదు. ఇది ఓడలో గడిపినవాడికి మాత్రమే తట్టే ఆలోచన.

1861 ఫిబ్రవరి 6న మొదటి హెచ్చరిక పంపారు. కొన్ని రేవులలో నమ్మారు, కొన్నిచోట్ల పట్టించుకోలేదు. మూడు రోజులకు ఈశాన్య తీరాన తుపాను కొట్టింది. విట్బీ అనే ఊరిలో రోజంతా మునుగుతున్న ఓడల మనుషులను కాపాడుతూ వచ్చిన రక్షక పడవ చివరికి తానే తలకిందులయింది. పదముగ్గురిలో పన్నెండుమంది పోయారు. మిగిలిన ఒక్కడు కొత్తరకం బెండు కవచం వేసుకున్న మనిషి. హెచ్చరిక ఉండటం వేరు, దాన్ని వినటం వేరు, వినినా చేతిలో సాధనం ఉండటం వేరు.

1861 ఆగస్టు 1న లండను టైమ్స్ పత్రికలో ఆయన రాసిన మొదటి వాతావరణ సూచన అచ్చయింది. ఆ రోజుకు అంతా నిర్మలంగా ఉంటుందని, పడమటి నుంచి మోస్తరు గాలులని సాదా సంగతి. ఆ సూచనకు ఆయన పెట్టిన ఇంగ్లీషు మాటే 'ఫోర్‌కాస్ట్'. జోస్యం అనీ, భవిష్యవాణి అనీ పిలవటానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో వానా గాలీ చెబుతూ పంచాంగాలు అచ్చువేసి అమ్ముకునే వాళ్ళు లండనులో కొల్లలు. తాను ఆ కోవలోని వాడిని కాననీ, తాను చెప్పేది లెక్కలను బట్టి కట్టిన అంచనా మాత్రమేననీ పదేపదే చెప్పుకునేవారు. తెలుగులో మనం వాతావరణ సూచన అంటున్నామే, అందులోనూ ఆ అణకువ ఉంది. జోస్యం అనలేదు కదా.

నమ్మకం రావటం కష్టం, పోవటం తేలిక. వారంలో ఆరు రోజులు సరిగా చెప్పినా, ఏడవరోజు తప్పితే పత్రికలు నవ్వేవి. ఆయన సూచనలను రోజూ అచ్చువేసే టైమ్స్ కూడా వెక్కిరించింది. శాస్త్రజ్ఞులు దీనికి సిద్ధాంతం లేదన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల గాలులు మారతాయన్న ఆలోచనను ఆయన బలంగా పట్టుకున్నారు, 1863లో అచ్చయిన తన వాతావరణ గ్రంథంలో రాశారు, అది నిలబడలేదు. పార్లమెంటులో తంతి ఖర్చు ఎక్కువయిందన్నారు. అన్నిటికన్నా గట్టి కోపం చేపల పడవల యజమానులది. శంకువు ఎగిరితే జాలరులు సముద్రంలోకి పోము అనేవారు. తుపాను రాకపోతే ఆ రోజు చేపలు పోయినట్టే. యజమానికి నష్టం. జాలరికి మాత్రం ఒక పూట కూలి పోయినా ప్రాణం మిగిలేది. వీరిలో ఎవరి మాట పార్లమెంటుకు చేరుతుందో ఊహించగలం.

ఇంకొక సంగతి. 1857లో వాణిజ్య మండలిలో నౌకా విభాగపు పెద్ద ఉద్యోగం ఖాళీ అయితే, ఫిట్జ్‌రాయ్ దరఖాస్తు చేసినా, బీగిల్‌లో ఆయన కింద పనిచేసిన సలివన్‌కు ఇచ్చారు. జూనియరుకు ప్రమోషన్ ఇచ్చి సీనియరును పక్కన పెట్టటం. సీనియారిటీ ప్రకారం రియర్ అడ్మిరల్, తరువాత 1863లో వైస్ అడ్మిరల్ అయ్యారు గాని, కాగితం మీదే. సలివన్ మంచివాడు, గురువును మరిచిపోలేదు. ఆ మాట ముందుకు వస్తుంది.

1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డులో జరిగిన శాస్త్ర సభకు ఆయన తుపానులపై వ్యాసం చదవటానికి వెళ్ళారు. తరువాత డార్విన్ సిద్ధాంతం మీద పెద్ద గొడవ జరిగిన సభలో బైబిలు చేతబట్టి లేచి, డార్విన్‌ను తన ఓడలో తీసుకువెళ్ళినందుకు బాధపడ్డారు. ఎవరూ వినిపించుకోలేదు. ఆయనకు మతవిశ్వాసం గట్టిది. ఒకే మనిషి ఒక వైపు కొత్త శాస్త్రానికి పునాది వేస్తూ, మరో వైపు మరో కొత్త శాస్త్రానికి అడ్డుపడటం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కాని అటువంటివారిని మన పెద్దలలోనూ చూశాం.

చెవులు వినపడటం తగ్గింది, నిద్ర లేదు, ఒళ్ళు అలిసింది. సొంత డబ్బు అంతా ప్రభుత్వ పనులకే ఖర్చయింది. సెలవు పెట్టమని వైద్యులు చెప్పినా ఆఫీసు వదలలేదు. 1865 ఏప్రిల్ 30, ఆదివారం ఉదయం లండను శివారు అప్పర్ నార్‌వుడ్‌లో తన ఇంట్లో, మేనమామలాగే, గది తలుపు వేసుకుని గొంతు కోసుకున్నారు. వయసు యాభై తొమ్మిది.

చనిపోయాక చూస్తే చేతిలో ఏమీ లేదు, అప్పులున్నాయి. సలివన్ చందాలు పోగుచేసి మూడువేల పౌన్ల దాకా కుటుంబానికి ఇప్పించాడు. అభిప్రాయభేదాలు ఎన్ని ఉన్నా డార్విన్ వంద పౌన్లు పంపాడు. విక్టోరియా రాణి ఆయన భార్యకు హాంప్టన్ కోర్టు భవనంలో నివాసం ఇచ్చింది. ఇవన్నీ మంచివే. బతికుండగా వచ్చి ఉంటే ఇంకా మంచిది.

1866లో ఒక కమిటీ విచారించి, సూచనలు శాస్త్రబద్ధం కావని తేల్చింది. ఆ ఏడాది డిసెంబరులో తుపాను హెచ్చరికలు కూడా ఆపేశారు. అప్పుడు తీరంలో గోల మొదలయింది. రేవుల అధికారులూ, నావికులూ, జాలరులూ శంకువులు తిరిగి కావాలని విన్నపాలు పంపారు. 1867లోనే హెచ్చరికలు తిరిగి మొదలయ్యాయి. పత్రికలలో రోజువారీ సూచనలు మాత్రం 1879 దాకా రాలేదు.

మనకూ ఆ కథకూ సంబంధం ఉంది. 1864 అక్టోబరు 5న కలకత్తాను ఒక మహా తుపాను ముంచింది. నెల తిరగకుండానే నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన కమ్మింది. దాదాపు ముప్పైవేల మంది పోయారని చెబుతారు. ఫిట్జ్‌రాయ్ అప్పటికి ఇంకా బతికే ఉన్నారు. ఆ రెండు దెబ్బల తరువాతనే 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలయింది, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మన రేవులలో నేటికీ పగలు ఎగరేసేవి నల్లని శంకువులు, పీపాల వంటి సిలిండర్లే. రాత్రి ఎర్రని, తెల్లని దీపాలు. ఒకటవ నంబరు దూరపు హెచ్చరిక, మూడవది ఈదురుగాలుల సూచన, పదవది మహా ప్రమాదం. పదకొండవదానికి అర్థం తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. తంతి మిత్రులు ఆ పదకొండవ నంబరు విని నవ్వుకోవచ్చు, 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఉన్నవారు మాత్రం నవ్వలేరు.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫిట్జ్‌రాయ్ శంకువులు దూరం నుంచి వచ్చే పెద్ద తుపానులకు పనికివచ్చేవి. మాల్డొనాడోలో తనను ముంచిన పిడుగుల గాలివానను ఆ తంతి పట్టుకోలేదు. అది ఒక ఊరి మీద గంటలో పుట్టి గంటలో పోతుంది. దానికి రాడార్లు కావలసి వచ్చాయి. విశాఖపట్నం, మచిలీపట్నంలలో ఉన్న డాప్లర్ రాడార్లు మేఘం లేస్తుండగానే చూస్తున్నాయి. వాతావరణ శాఖ తదుపరి మూడు గంటల సూచన ఇస్తున్నది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని అనే ఫోను యాప్, చుట్టుపక్కల పిడుగులు పడే అవకాశం ఉంటే చెబుతుంది. మనవల చేత మన ఫోనులో వేయించుకోవటం ఐదు నిమిషాల పని. ఉరుము వినిపించిందంటే పొలంలోనూ, చెట్టు కిందా, చెరువులోనూ ఉండరాదన్నది ఏ యాప్ లేనివారికి కూడా వర్తిస్తుంది. పక్కా ఇంట్లోకి పోవాలి, కిటికీలకు దూరంగా కూర్చోవాలి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటకు రాకూడదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు నడకకు వెళ్ళే సభ్యులు పడమటి మబ్బు చూసి బయలుదేరగలరు.

స్కాట్లండులో ఐమత్ అనే జాలరుల పల్లె ఉంది. 1881 అక్టోబరు 14 ఉదయం అక్కడ రేవు బారోమీటరు బాగా దిగి ఉంది. కాని అంతకుముందు చాలా రోజులుగా గాలివానల వల్ల వేట లేదు, ఇళ్ళలో గింజ లేదు, ఆ పొద్దున ఆకాశం నిర్మలంగా కనిపించింది. పడవలు బయలుదేరాయి. మధ్యాహ్నానికి తుపాను. ఆ తీరం మొత్తం మీద 189 మంది పోయారు, వారిలో 129 మంది ఆ ఒక్క ఊరివారు. కొందరు రేవు ముందే, గట్టు మీద భార్యాపిల్లలు చూస్తుండగా మునిగారు.

బ్రిటిషు రేడియోలో నావికుల కోసం రోజూ సముద్ర వాతావరణం చదువుతారు. ఒక్కొక్క సముద్ర భాగానికి ఒక పేరు. 2002లో ఫినిస్టెర్ అనే భాగానికి పేరు మార్చి ఫిట్జ్‌రాయ్ అని పెట్టారు. మిగిలిన పేర్లు దీవులు, నదులు, ఇసుక తిప్పలు వంటి చోట్లవి. మనిషి పేరు అదొక్కటే.